ఇంటి కంప్యూటరు – మన పెద్దల చెవి
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాదినాడు మాట్లాడమంటే పంచాంగమో, పద్యమో, వలస వచ్చిన పూర్వుల చరిత్రమో వినిపించడము ఆచారము. ఈ ఏడు కార్యవర్గమువారు ఇంటింటా పనికివచ్చే సంగతి ఏదైనా ఒకటి చెప్పుమన్నారు. కనుక ఇంటి కంప్యూటరును సరౌండ్ సౌండ్ రిసీవరుకు కలిపే పద్ధతిని గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచుకొన్నాము. పండుగపూట ఈ వైర్ల గొడవ ఏమిటని కొందరు నవ్వవచ్చును. కాని ఆ వైర్ల కొసన ఉన్నది మన ఇంటి పెద్దల చెవి. ఆ చెవిలో పడవలసినది తెలుగు మాట. ఊరంతా గుడి నిలిపి పాడ్వా జరుపుకొనేనాడు మనము వేపపూత పచ్చడి కలుపుకొని ఉగాది అంటున్నాము గదా! ఆ తెలుగు ఇంట్లో నిలవడానికి ఈ సంగతి కూడా కొంత సాయపడుతుందని మా నమ్మకము.

తెలంగాణపు పల్లెల నుండి మన పద్మశాలి పూర్వులు 19వ శతాబ్దములోనే బ్రతుకుతెరువు వెదుకుకొంటూ షోలాపూరు చేరారు. 1877లో ఇక్కడ పెద్ద మిల్లు నెలకొన్నది. చేతిమగ్గము వెనుక సాంచె వచ్చినది. షోలాపూరు చాదరు పేరు దేశమంతా తెలిసింది. మగవారు సాంచెల దగ్గర, ఆడవారు బీడీల చాట దగ్గర కాలము గడిపి మనలను పెంచారు. హోట్గి రోడ్ నేత పేటలలో ఈనాడు మంచము మీద కూర్చున్న తాతలలో ఎందరో ముప్పై, నలభై ఏండ్లు సాంచెల మధ్య నిలబడి పనిచేసినవారే. ఆ పని వారికి ఇచ్చిన దానిలో మనము లెక్కపెట్టనిది ఒకటి ఉన్నది. అదే చెవుడు.

సాంచెలు నడిచే కార్ఖానాలో శబ్దము సుమారు 100 డెసిబెల్ల దరిదాపున ఉంటుంది. అమెరికాలో వృత్తిరోగాలను పరిశోధించే ప్రభుత్వ సంస్థ చెప్పిన హద్దు 8 గంటల పనికి 85 డెసిబెల్లు. అక్కడి నుండి 3 డెసిబెల్లు పెరిగినప్పుడల్లా పనివేళ సగానికి తగ్గవలెను. అనగా 88 అయితే 4 గంటలు, 91 అయితే 2 గంటలు. 100 దగ్గర ఆ లెక్క 15 నిమిషములకు వస్తుంది. మన తాతలు ఆ 15 నిమిషముల శబ్దములో ఒక పూట కాదు, ఒక జన్మ గడిపారు. ఇది మన ఊరి గ్రహచారము మాత్రమే కాదు. స్కాట్లండులోని డండీ పట్టణములో జనపనార నేసే స్త్రీల చెవులను పరీక్షించి, 1965లో అక్కడి పరిశోధకులు ఒక వ్యాసము ప్రకటించారు. పని ఏండ్లు పెరిగినకొద్దీ వినికిడి తరిగిన వైనము అందులో స్పష్టముగా చూపారు. దేశము వేరు, నూలు వేరు, చెవి మాత్రము ఒక్కటే.

ఈ చెవుడు తీరు వేరు. మొట్టమొదట దెబ్బతినేది సెకండుకు 4,000 కంపనములు గల సన్నని శబ్దాల దగ్గర. అచ్చుల బలమంతా లావు శబ్దాలలో ఉంటుంది. క, చ, ట, త, ప, స వంటి హల్లుల గుర్తులు చాలా మట్టుకు సన్నని శబ్దాలలో ఉంటవి. కాబట్టి తాతకు గొంతు వినబడుతుంది గాని మాట తెలియదు. పాలు అన్నారా, చాలు అన్నారా, కాలు అన్నారా, తాలు అన్నారా? అన్నీ ఒక్కతీరుగానే తోచును. “అరుస్తున్నారు గాని తెలిసేటట్టు మాట్లాడరు” అని పెద్దలు విసుగుకొనేది అందుకే. అట్టివారికి శబ్దము పెంచినంత మాత్రాన ప్రయోజనము లేదు. మాట పెరగవలె, మాట మీద పడే మోత తగ్గవలె.

ఇక సాయంకాలము సినిమా సంగతి చూడండి. కంప్యూటరులో మంచి తెలుగు చిత్రము పెడతారు. పెద్ద స్పీకర్లలో డప్పులు, కత్తులు, ఉరుములు ఇల్లంతా దద్దరిల్లుతుంటవి. “ఏమన్నడురా వాడు?” అని తాత మనుమణ్ణి అడుగుతాడు. మనుమడు చెప్తాడు. కొంతసేపటికి తాత మళ్లీ అడుగుతాడు. “ఉండు తాతా, అయినంక చెప్త” అంటాడు పిల్లవాడు. మూడవసారి తాత అడగడు. మెల్లగా లేచి వాకిట్లోకి పోయి కూర్చుంటాడు. ఇంట్లో తెలుగు తప్ప వేరు భాష ఒప్పనివాడు అలా లేచిపోయినాక, బడిలో మరాఠీ, వీధిలో హిందీ మాట్లాడే పిల్లలు అదే చిత్రమును హిందీ గొంతులతో పెట్టుకొంటారు. పిల్లల తప్పు ఏమీ లేదు. వారికి అది సులువు. కాని ఆ గదిలో నుండి ఒక తాతయే కాదు, ఒక భాష కూడా లేచి వెళ్లిపోయింది. మేము ఈ వైర్ల గొడవకు దిగిన కారణము ఇదే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాము. 1957లో “మాయాబజార్” వచ్చినప్పుడు ఆ చిత్రపు శబ్దమంతా ఒక్కటే ధార. మాటా, పాటా, మేళమూ కలిసి తెర వెనుక నుండి ఒక్క దిక్కుగా వచ్చేవి. శబ్దమును పలు ధారలుగా విడదీసి హాలు చుట్టూ పంచవచ్చునని 1940లోనే వాల్ట్ డిస్నీగారి “ఫాంటాసియా” చిత్రము చూపింది. 1992 నుండి డాల్బీ డిజిటల్ అనే పద్ధతి సినిమా హాళ్లలోనికి వచ్చి, తరువాత ఇండ్లకూ పాకింది. మన “మాయాబజార్”నే 2010లో రంగులద్ది మళ్లీ విడుదల చేసినప్పుడు, దాని శబ్దమును కూడా పలు ధారల పద్ధతికి మార్చారు.

ఈ కొత్త పద్ధతిని 5.1 అంటారు. ఎదుట ఎడమ, కుడి రెండు. వెనుక పక్కల ఎడమ, కుడి రెండు. ఎదుట నట్టనడుమ ఒకటి – ఇవి 5. ఉరుము, ఫిరంగి వంటి బరువు శబ్దములకు మాత్రమే ఉన్న సబ్‌వూఫరు దారిని .1 అని వ్రాస్తారు. అన్నీ కలిసి ఆరు దారులు. ఇందులో మనము గట్టిగా జ్ఞాపకముంచుకోవలసినది నడిమి దారిని. చిత్రములోని సంభాషణలలో అధిక భాగము ఆ నడిమి దారిలోనే వస్తుంది. మేళతాళాలు, యుద్ధాలు, వానలు ఎక్కువగా మిగిలిన దారులలో ఉంటవి. అనగా మన తాతకు కావలసిన మాటను చిత్రము తీసినవారే వేరు చేసి, వేరు కండెకు చుట్టి పంపుతున్నారన్నమాట. దానిని వేరుగానే మన ఇంటి స్పీకరు దాకా చేర్చగలిగితే, ఆ ఒక్క దారినే కొంచెము పెంచుకోవచ్చును.

చేర్చలేకపోవడమే మన ఇండ్లలో సాధారణముగా జరుగుతున్నది. కంప్యూటరు వెనుక ఆకుపచ్చ రంగు గుంట ఒకటి ఉంటుంది. అందులో ఒక వైరు పెట్టి, రెండవ కొసన ఉన్న ఎరుపు, తెలుపు పిన్నులను రిసీవరులో పెడతారు. శబ్దము వస్తుంది, పని అయిందనుకొంటారు. కాని ఆ వైరులో ఉన్నవి రెండే దారులు. కంప్యూటరు ఏమి చేస్తుందంటే, నడిమి దారిలోని మాటను ఎడమ కుడి దారులలో కలిపేసి రెండే పంపుతుంది. రెండు రంగుల నూలును కలిపి పురి పెట్టిన తరువాత అందులో ఒక్క రంగును లావు చేయగలమా? మాటను పెంచుదామంటే డప్పులూ పెరుగుతవి. పైగా రిసీవరులో అన్ని స్పీకర్లకూ ఒకే శబ్దము పంచే ఏర్పాటు ఒకటి ఉంటుంది. అది ఆడుతుంటే చుట్టూ ఉన్న స్పీకర్లన్నీ మ్రోగుతవి. దానితో సరౌండ్ వచ్చిందని భ్రమ కలుగుతుంది. వెనుక స్పీకరు దగ్గర చెవి పెట్టి వినండి. ఎదుట ఉన్న మాటే అక్కడా వినవస్తే అది నిజమైన ఆరు దారుల శబ్దము కాదు.

ఆరు దారులనూ విడివిడిగా తీసుకొనిపోవడానికి మూడు మార్గములు ఉన్నవి. మీ ఇంట్లో ఉన్న పరికరాలను బట్టి ఒకటి ఎంచుకోండి.

మొదటిది పాత పద్ధతి. కొన్ని బల్ల కంప్యూటర్లకు ఆకుపచ్చ గుంట పక్కనే నలుపు, నారింజ రంగుల గుంటలు కూడా ఉంటవి. ఆకుపచ్చ ఎదుటి రెండు స్పీకర్లకు, నలుపు వెనుక రెండింటికి, నారింజ నడిమి స్పీకరుకూ సబ్‌వూఫరుకూ. మూడు వైర్లు, ఒక్కొక్క దానికి రిసీవరు వైపు రెండేసి పిన్నులు. రిసీవరుకు ఆరు గుంటల మల్టీఛానల్ ఇన్‌పుట్ ఉంటేనే ఇది వీలవుతుంది. పాత రిసీవర్లకు తరచుగా ఉండేది, కొత్తవాటిలో చాలా వాటికి తీసివేశారు. నారింజ వైరు పిన్నులు రెండూ తారుమారైతే మాట సబ్‌వూఫరులోకి పోయి గొణుగుడు వినిపిస్తుంది. అప్పుడు కంగారుపడక ఆ రెండు పిన్నులను అటుదిటు మార్చితే చాలును.

రెండవది ఆప్టికల్ కేబులు. ఇందులో విద్యుత్తు పారదు, ఎర్రని వెలుగు పారుతుంది. జపానులోని తోషిబా కంపెనీవారు 1983లో తెచ్చిన పద్ధతి ఇది. అయితే దీనిలో ఒక నియమము ఉన్నది. విప్పి పరచిన శబ్దమైతే రెండు దారులే పడతవి. డాల్బీ డిజిటల్ గాని, డి.టి.ఎస్. గాని మూట కట్టిన శబ్దమైతే ఆరు దారులూ పోతవి. చాదర్లు విడివిడిగా మోస్తే రెండే చేతికి వస్తవి, గట్టిగా మూట కడితే ఎన్నో వస్తవి గదా! కాబట్టి సినిమాలోని మూటను కంప్యూటరు విప్పకూడదు. మూటగానే రిసీవరుకు అప్పగించవలె. దీనిని పాస్‌త్రూ అంటారు. వి.ఎల్.సి. వంటి ఆటగాడు ప్రోగ్రాములలో ఆడియో సెట్టింగుల క్రింద ఈ ఏర్పాటు ఉంటుంది. కేబులు కొసలకు చిన్న టోపీలు ఉంటవి, పెట్టబోయే ముందు వాటిని తీయండి. కేబులును గట్టిగా మడవవద్దు. లోపలి వెలుగు దారి విరుగుతుంది.

మూడవది హెచ్.డి.ఎమ్.ఐ. కేబులు. దీని మొదటి నిర్ణయము 2002 డిసెంబరులో వెలువడింది. ఈ ఒక్క కేబులులోనే బొమ్మ, దానితోపాటు విప్పి పరచిన శబ్దము ఎనిమిది దారుల వరకూ పోగలదు. మూటల గొడవ లేదు. రిసీవరుకు ఈ గుంటలు ఉంటే అన్నిటికంటె ఇదే మేలు. కంప్యూటరు నుండి వచ్చే కేబులును రిసీవరు వెనుక “ఇన్” అని వ్రాసిన గుంటలో పెట్టండి. “అవుట్” అని వ్రాసిన గుంట నుండి మరొక కేబులు టీవీకి పోవలె. బల్ల కంప్యూటరుకు వేరుగా గ్రాఫిక్స్ కార్డు అమర్చి ఉంటే, ఆ కార్డుకున్న గుంటనే వాడండి.

చాలామంది కంప్యూటరును నేరుగా టీవీకి కలిపి, టీవీ నుండి రిసీవరుకు శబ్దము తెచ్చుకొంటారు. ఇట్లా చేసినప్పుడు ఎన్నో టీవీలు ఆరు దారులను రెండుగా చేసి పంపుతవి. టీవీకీ రిసీవరుకూ కూడా ఇ-ఆర్క్ అనే ఏర్పాటు ఉంటే ఆ చిక్కు లేదు. అది 2017లో ప్రకటించిన కొత్త ప్రమాణములో చేరింది. 2009 నాటి పాత ఆర్క్ అయితే ఆప్టికల్ వలెనే మూట కట్టిన శబ్దాన్ని కోరుతుంది. టీవీని నడుమ పెట్టకుండా ముందు రిసీవరు, తరువాత టీవీ అనే వరుసను పాటించడము అన్ని విధాల క్షేమము.

కేబులు పెట్టినంత మాత్రాన పని కాలేదు, కంప్యూటరుకు చెప్పవలె. ముందు టీవీ, తరువాత రిసీవరు, ఆఖరున కంప్యూటరు వేయండి. అట్లా చేస్తే కంప్యూటరు రిసీవరును గుర్తుపడుతుంది. విండోస్ గల కంప్యూటరులో సౌండ్ సెట్టింగుల లోనికి వెళ్లి, ప్లేబ్యాక్ అనే పట్టికను తెరవండి. అక్కడ రిసీవరు పేరు కనబడుతుంది. దానిని డిఫాల్టుగా చేయండి. తరువాత కాన్ఫిగర్ అనే మీట నొక్కి, 5.1 సరౌండ్ ఎంచుకొని, టెస్ట్ నొక్కండి. ఒక్కొక్క స్పీకరూ వంతుగా పలుకుతుంది. తెర మీద నడిమి బొమ్మ వెలిగినప్పుడు ఇంట్లో నడిమి స్పీకరే పలుకవలె. వేరొకటి పలికితే వైర్లు మారినవన్నమాట. ఆప్టికల్ వాడేవారికి ఈ కాన్ఫిగర్ పని సాధారణముగా ఉండదు. వారు ప్రాపర్టీస్ లోనికి వెళ్లి, సపోర్టెడ్ ఫార్మాట్స్ పట్టికలో డాల్బీ డిజిటల్‌కు గుర్తు పెట్టవలె.

ఈ మాటలన్నీ విని కంప్యూటరు మనకెందుకని జంకేవారికి ఒక మనవి. 1804లో ఫ్రాన్సులో జాకార్డు అనే నేతగాడు రంధ్రాలు పొడిచిన అట్టలతో పడుగును లేపే యంత్రము చేశాడు. మన చాదరు మీద నెమలి నేయించే యంత్రము అదే. ఆ అట్టలను చూచి ఇంగ్లండులో బాబేజ్ అనే గణితవేత్త తన లెక్కల యంత్రానికి అదే పద్ధతి తలపెట్టాడు. ఆ వంశములోనే తరువాత కంప్యూటరు పుట్టింది. కనుక సాలెవాని ఇంటికి కంప్యూటరు పరాయిది కాదు, దూరపు చుట్టమే.

ఇప్పుడు స్పీకర్లను ఎక్కడ పెట్టవలెనో చెప్తాము. మన గదులు చిన్నవి, ఒకటే గదిలో వంట తప్ప అన్నీ జరుగుతవి. అయినా నడిమి స్పీకరును టీవీకి సరిగ్గా క్రిందనో మీదనో పెట్టి, పెద్దలు కూర్చునే మంచము వైపు కొద్దిగా ముఖము తిప్పండి. అలమారా లోపల, గుడ్డ వెనుక దాచవద్దు. హల్లులను మోసే సన్నని శబ్దాలు అడ్డము తగిలితే అక్కడే ఆగిపోతవి. ఎదుటి రెండు స్పీకర్లు చూచేవానికి చెరొక 30 డిగ్రీల పక్కన, వెనుకవి 100 నుండి 120 డిగ్రీల పక్కన ఉండవలెనని అంతర్జాతీయ నియమము. వైరు కలిపేటప్పుడు ఎరుపు ఎరుపుకే, నలుపు నలుపుకే పోవలె. ఒక్క స్పీకరులో తారుమారైతే శబ్దములు ఒకదానినొకటి మింగుకొని మాట పలుచనవుతుంది.

వెనుక స్పీకర్లకు చోటు లేదా? విచారపడవద్దు. ఎడమ, నడుమ, కుడి ఈ మూడే పెట్టుకోండి. వెనుక స్పీకర్లు లేవని రిసీవరు సెట్టింగులలో చెప్పితే, ఆ శబ్దాన్ని ముందువాటిలోనికి అదే తెచ్చుకొంటుంది. మేము పదేపదే చెప్పేదొక్కటే. చేతిలో ఉన్న డబ్బు తక్కువైతే వెనుక స్పీకర్లు మానుకోండి, సబ్‌వూఫరు మానుకోండి, నడిమి స్పీకరును మాత్రము మానుకోవద్దు.

తరువాత రిసీవరులో మూడు పనులు చేయండి. మొదటిది, ఒక్కొక్క స్పీకరు ఎంత దూరములో ఉన్నదో కొలిచి చెప్పండి. శబ్దము ఒక అడుగు నడవడానికి సెకండులో వెయ్యవ వంతుకు కొంచెము తక్కువ పడుతుంది. ఆ తేడాను రిసీవరు సర్దుతుంది. రెండవది, స్పీకర్ లెవెల్ అనే చోట నడిమి స్పీకరును 3 డెసిబెల్లు పెంచండి. పెద్దలను కూర్చోబెట్టి వారినే అడిగి, అవసరమైతే ఇంకొకటి రెండు పెంచండి. మూడవది, నైట్ మోడ్ అనో, డైనమిక్ రేంజ్ అనో ఉండే ఏర్పాటును వేయండి. అది పెద్ద మోతలను అణచి, చిన్న మాటలను లేపుతుంది. ఇందులో ఇరుగుపొరుగు ధర్మము కూడా ఉన్నది. మన పేటలలో గోడ ఇద్దరిది. రాత్రి పాళీ చేసి వచ్చిన పొరుగు అన్న పగలు నిద్రపోతుంటాడు. సబ్‌వూఫరు బరువు శబ్దము గోడలను దాటిపోతుంది గాని మాట అంతగా దాటదు. సబ్‌వూఫరును తగ్గించి నడిమి స్పీకరును పెంచితే తాతకు మాట, పొరుగువారికి నిద్ర రెండూ దక్కుతవి.

కలిపిన తరువాత సన్నగా “జుమ్” అని రొద వస్తే స్పీకరు చెడిపోయిందని పారవేయకండి. కంప్యూటరు ఒక గోడ బోర్డులో, రిసీవరు మరొక గోడ బోర్డులో పెట్టినప్పుడు, రెండు ఎర్తుల మధ్య ఉన్న స్వల్పమైన తేడా వైరు గుండా పారి ఆ రొద పుడుతుంది. రెండింటినీ ఒకే బోర్డులో పెట్టి చూడండి. అప్పటికీ పోకుంటే ఆప్టికల్ కేబులు వాడండి. అందులో విద్యుత్తు లేదు గనుక ఆ రొద దారి మూసుకొంటుంది. రొద పోవాలని మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్నును విరుగగొట్టడము మాత్రము ఎన్నడూ చేయవద్దు. అది ప్రాణముతో చెలగాటము. స్పీకరు వైర్లు కలిపేటప్పుడు రిసీవరును ఆర్పి, ప్లగ్గు ఊడదీసిన తరువాతనే చేయి పెట్టండి.

“మా తాతకు పాత చిత్రాలే ఇష్టము, వాటిలో రెండు దారులు కూడా లేవు గదా?” అని అడుగవచ్చును. ఇంటర్నెట్టులో వచ్చే చిత్రాలు కూడా ఎన్నో రెండు దారులతోనే వస్తవి. దానికీ ఉపాయము కలదు. డాల్బీ ప్రో లాజిక్ అనో, డాల్బీ సరౌండ్ అనో చాలా రిసీవర్లలో ఒక ఏర్పాటు ఉంటుంది. ఎడమ కుడి రెండింటిలో సమానముగా ఉన్న శబ్దమును ఏరి, అది నడిమి స్పీకరుకు పంపుతుంది. మాట సాధారణముగా రెండింటిలో సమానముగానే ఉంటుంది గనుక చాలా మట్టుకు నడిమికి చేరుతుంది. నిజమైన ఆరు దారులంత శుభ్రముగా ఉండదు గాని, ఏమీ లేనిదానికంటె ఎంతో మేలు. పూర్తిగా ఒకటే ధార గల చిత్రములో మాత్రము మాటా మేళమూ కలిసే నడిమికి వస్తవి. అప్పుడు రిసీవరులో ట్రెబుల్ కొంచెము పెంచితే హల్లులు తేటపడతవి.

మరొక్క చిన్న సంగతి. ఈ కాలపు చిత్రాలలో ఒకే ఫైలులో తెలుగు, హిందీ, తమిళపు గొంతులు కలిసి ఉంటవి. వి.ఎల్.సి.లో ఆంగ్లపు బి అక్షరము మీట నొక్కితే గొంతు మారుతుంది. మాట పెదవులతో కలియక ముందో వెనుకో వస్తే జె, కె మీటలతో సర్దవచ్చును. ఇది ముఖ్యము సుమా! చెవుడు వచ్చిన నేతగాడు సగము చెవితో, సగము కంటితో వింటాడు. సాంచెల మోతలో తోటివాని పెదవులు చూచి మాట గ్రహించిన అలవాటు వారిది. పెదవులు ఒకటి, మాట ఒకటి అయితే ఆ విద్య పనికిరాదు. తెలుగులోనే తీసిన చిత్రమును తెలుగు గొంతుతోనే పెట్టవలెనని మేము పట్టుబట్టేది భాషాభిమానముతో మాత్రమే కాదు, ఈ కారణము చేత కూడా.

అయితే రిసీవరు వైద్యుడు కాదు. పోయిన వినికిడిని ఏ స్పీకరూ తిరిగి తేలేదు. పెద్దలను ఒకసారి చెవి వైద్యుని దగ్గరకు తీసుకొనిపోయి పరీక్ష చేయించండి. అవసరమైతే చెవి మిషను పెట్టించండి, అది సిగ్గుపడవలసిన సంగతి కాదు. కండ్లకు అద్దాలు పెట్టుకోవడానికి సిగ్గుపడని మనము చెవికెందుకు సిగ్గుపడవలె? ఇక ఈనాడు సాంచెల దగ్గర పనిచేస్తున్న తమ్ములారా, చెవులలో ప్లగ్గులు పెట్టుకొని పని చేయండి. దూది ఉండలు చాలవు. ప్లగ్గుల ఖర్చు ఎంత? ఒక పూట చాయ ఖర్చు. పోయిన చెవి ఖర్చు ఎంతో ముందు వరుసలో ఉన్న పెద్దలను అడగండి.

తుదకు మా సూచన ఒకటి. మన సంఘములో ఈ విద్య తెలిసిన యువకులు ఉన్నారు. ఈ పండుగ వారములో నలుగురు జట్టుగా కూడి, పేటలో పెద్దలున్న ఇంటింటికీ వెళ్లి, అక్కడి కంప్యూటరును, రిసీవరును చూచి సరిచేసి రావలె. కొత్తవి కొనిపించడము కాదు, ఉన్నవాటినే సరిగ్గా కలపడము. నడిమి స్పీకరు పలుకుతున్నదో లేదో చూడడము, తెలుగు గొంతు పెట్టడము, పెద్దాయనను కూర్చోబెట్టి “తాతా, మాట తెలుస్తున్నదా?” అని అడగడము. ఆయన తలూపితే సరిపోదు. ఏమన్నారో తిరిగి చెప్పమనండి. చెప్పిననాడే పని పూర్తి అయినట్టు వ్రాసుకోండి. పక్కన కూర్చున్న పిల్లలు తాత నోట ఆ తెలుగు మాటను మరొకసారి వింటారు గదా, అది అదనపు లాభము.

 కొత్త సంవత్సరము మీ ఇండ్లకు పనిని, పంటను, ఆరోగ్యమును, ఇంటిల్లిపాదీ కూడి నవ్వుకొనే సాయంకాలములను ఇచ్చుగాక.